కాలేజీ గుంట

"కాలేజీ గుంట పోయింది" అన్నాడు మా తమ్ముడు ఫోన్లో.

ఖరగ్‌పూర్ నుంచి వాడు ఫోన్ చేస్తే ముందు అక్కడి వానల సంగతో, తన మోకాళ్ల నొప్పుల సంగతో చెప్పి గానీ అసలు విషయానికి రాడు. ఆ రోజు మాత్రం నేను ఫోన్ ఎత్తగానే ఆ మాటే అన్నాడు. పోయినావిడకి డెబ్బై దాటి చాన్నాళ్లయింది. మనవలు కూడా ఉన్నారు. అయినా మా తమ్ముడి నోట ఆవిడ ఇంకా గుంటే.

మా శ్రీకాకుళం వైపు ఆడపిల్లని గుంట అంటారు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ట్రాఫిక్ అనే పేటలో మేం పెరిగిన లైను క్వార్టర్ల నిండా గుంటలే ఉండేవాళ్లు, కానీ కాలేజీ గుంట అంటే ఆవిడొక్కతే. ఆ పేరు మొదట్లో వెటకారంగా పుట్టింది. కొళాయి దగ్గర ఎవరో మూతి తిప్పి అన్నారు, అది అతుక్కుపోయింది. తర్వాత అదే పేరు గౌరవంగా మారింది. ఎప్పుడు మారిందో నాకు తెలుసు, నేను అక్కడే ఉన్నాను.

నేను ఆవిణ్ణి అప్పా అని పిలిచేదాన్ని. అక్కని మేమలాగే అంటాం. చుట్టరికం ఏమీ లేదు, రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. నాకన్నా కొన్నేళ్లు పెద్దది.

అప్పని తల్చుకుంటే ముందు నడకే గుర్తొస్తుంది. కాలేజీకి వెళ్లే బెంగాలీ అమ్మాయిలు పుస్తకాలు గుండెకి హత్తుకుని, తలొంచుకుని నడిచేవారు. ఈవిడ పుస్తకాల్ని చంకన పెట్టుకునేది, నీళ్ల బిందె పెట్టుకున్నట్టు. చిన్నప్పట్నుంచి లైను చివరి కొళాయి నుంచి నీళ్లు మోసిన మనిషి, ఏ బరువైనా అక్కడే కుదురుకునేది. కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకుని అడుగులు వేస్తుంటే పక్కన నడిచేవాళ్లు పరుగెత్తాల్సి వచ్చేది. నవ్వొస్తే అరచెయ్యి నడినెత్తిన పెట్టుకుని నవ్వేది. లెక్కలు బెంగాలీలో వేసేది, కోపం హిందీలో తెచ్చుకునేది, జాలిపడితే మాత్రం తెలుగే. మరమరాల్లో ఆవనూనె పోసి పచ్చిమిరపకాయ నంజుకోవడం అక్కడి అలవాటు కదా. అప్ప దాన్లో ఆవకాయ గుజ్జు కూడా కలిపేది. గోల్‌బజార్లో కొన్న మరమరాలకి ఊర్నుంచి వచ్చిన జాడీలోని ఆవకాయ. బెంగాలీ వాళ్లు చూసి మొహం చిట్లించేవారు, మా వాళ్లూ చిట్లించేవారు. "ఏటైతే ఏటి, నోటికి బాగుంది" అనేది.

ఆ 'ఏటైతే ఏటి' ఆవిడ ఊతపదం. వాన పడుతోందంటే ఏటైతే ఏటి. నలుగురూ నవ్వుతున్నారంటే ఏటైతే ఏటి. ఆ మాటతో ఎదుటివాళ్ల నోరు మూయించేసేది.

లోపాల్లేవని కాదు. ఎవరు ఏ పని చేస్తున్నా పక్కన నిలబడి అది ఎలా చెయ్యాలో చెప్పేది. కుంపటి రాజేయడం మా అమ్మకే నేర్పబోయింది ఒకసారి. బద్ధకం చూస్తే ఓర్చుకోలేకపోయేది. సెలవు రోజుల్లో ఆవిడ గొంతు వినిపిస్తే మేం పిల్లలం పెరటి గుమ్మంలోంచి జారుకునేవాళ్లం, ఏదో ఒకటి చదవమంటుందని.

గొంతు అంటే అదలాంటి ఇలాంటి గొంతు కాదు. అందుకు కారణం వాళ్లయ్య. పలాస అవతల ఏదో ఊర్నుంచి కుర్రతనంలో బావమరిది వెంట వచ్చి రైల్వే వర్క్‌షాపు కమ్మరి షాపులో సమ్మెట పనికి కుదిరాడు. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో ఉండి చెవులు పోయాయి. మనిషి చాలా నెమ్మది, కానీ తన మాట తనకి వినబడదు కాబట్టి ఉప్పు కావాలన్నా పెద్దగా అరిచినట్టే ఉండేది. ఆయనకి జవాబు చెప్పాలంటే ఇంట్లోవాళ్లూ అరవాల్సిందే. దాంతో ఆ ఇంట్లో దాపరికం అనేది లేదు. వాళ్లింట్లో ఆ పూట ఏ కూరో లైనంతా తెలిసేది.

అప్ప కాలేజీకి వెళ్లాలనుకున్న సంగతి కూడా మాకు అలాగే తెలిసింది. రైల్వే స్కూల్లో తెలుగు మీడియంలో చదివి పాసైంది. అక్కడితో అందరి చదువూ ఆగిపోవడమే మా లైన్లో మామూలు. మగపిల్లలు వర్క్‌షాపుకి, ఆడపిల్లలు వంటింటికి. ఒక సాయంత్రం గోడ అవతల వాళ్లయ్య అడుగుతున్నాడు, కాలేజీలో ఏటి సేస్తారని. సదువుతారని ఈవిడ అరిచింది. మరి ఇన్నాళ్లూ ఇస్కూల్లో సదివినావు కదా అన్నాడాయన. అప్ప ఏదో వివరించబోయింది. ఆయనకి వినబడలేదో, అర్థం కాలేదో మరి. చివరికి, నాకు తెలవని దాన్ని నానెలా వద్దంటాను, ఎల్లు అన్నాడు. ఇవతల మా ఇంట్లో మా నాన్న అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి విన్నాడు. ఆయన ఫిట్టరు. నాకూ చదువంటే ఇష్టమని ఆయనకి తెలుసు. ఆ గుంట సంగతి చూసి మన గుంట సంగతి చూద్దాం అన్నాడు మా అమ్మతో. ఆ మాటతో నా చదువు అప్ప చదువుకి ముడిపడిపోయింది.

మొదటి రోజు కాలేజీ నుంచి వచ్చి అప్ప గుమ్మంలోనే కూర్చుని నెత్తిన చెయ్యి పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడకి బెంగాలీ బాగా వచ్చని మా అందరి నమ్మకం. గోల్‌బజార్ చేపలమ్మేవాళ్లతో బేరమాడి నేర్చుకున్న భాష అది. అక్కడ అందరూ ఒకర్నొకరు నువ్వు, నువ్వు అనే పిలుచుకుంటారు. క్లాసులో ఇంగ్లీషు చెప్పే దీదీ ఏదో అడిగితే ఈవిడ లేచి నిలబడి, మీరు అనే అర్థం వచ్చే ఆపని అనాల్సిన చోట తుమి అంది. అంటే లెక్చరర్ని పట్టుకుని నువ్వు అంది. క్లాసంతా గొల్లుమంది. వెనకనుంచి ఎవరో తెలెంగి పిల్ల అన్నారట. తెలుగువాళ్లని అక్కడ అలాగే అనేవారు. ఊరెళ్తే మా చుట్టాలు మమ్మల్ని బెంగాలోళ్లు అనేవారు, అది వేరే సంగతి.

ఈ కథ అప్ప తనే లైనంతా చెప్పుకుని నవ్వింది. వినేవాళ్లూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను ఆ క్లాసులో నిలబడితే ఏమైపోతానో అనిపించింది.

ఆ ఏడంతా అప్ప బట్టీ పట్టింది. పాఠాలు ఇంగ్లీషులో, మధ్యలో వివరణ బెంగాలీలో. ఇంట్లో అడుగుదామంటే అక్షరం తెలిసినవాళ్లు లేరు. తెల్లవారగానే లైనంతా కుంపట్ల పొగ కమ్ముకుని ఉంటే, ఆ పొగలో గిన్నెలు తోముతూ ఇంగ్లీషు పాఠం అప్పజెప్పుకునేది. ఒక్క ముక్క మర్చిపోతే మళ్లీ మొదటికొచ్చేది. మాకందరికీ అది చదువులాగే వినిపించింది. వాళ్లమ్మ అయితే కూతురు ఇంగ్లీషు మాట్లాడేస్తోందని కొళాయి దగ్గర గొప్పలు పోయేది.

ఫలితాలు తెలిసిన రోజు నాకు నిన్న మొన్నటిలా గుర్తుంది. సాయంత్రం వర్క్‌షాపు కూత వేసి, మగవాళ్లందరూ ఇళ్లకొచ్చి, కాళ్లు కడుక్కుంటున్న వేళ. అప్ప ఎప్పటిలాగే పుస్తకాలు చంకన పెట్టుకుని వచ్చింది, కానీ నడక నెమ్మదిగా ఉంది. అది చూసి నేను మా అరుగు మీంచి లేచి నిలబడ్డాను. వాళ్లయ్య గుమ్మం ముందు పీట మీద కూర్చుని ఉన్నాడు.

"ఏటైనాది?" అని అడిగాడు.

అప్ప తలొంచుకుని ఏదో అంది. ఆయనకి వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్లీ అడిగాడు. అప్ప అటూ ఇటూ చూసింది. అన్ని గుమ్మాల్లోనూ మనుషులున్నారు. ఆ ఇంట్లో గుసగుసగా చెప్పగలిగేది ఏదీ లేదు కదా. పుస్తకాలు కింద పెట్టి, ఆయన ముందుకి వంగి, గొంతెత్తి చెప్పింది.

"ఫెయిలైనానయ్యా."

లైనంతా వినబడింది. వాళ్లమ్మ లోపల్నించి వచ్చి తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"ఎందులో?" అన్నాడాయన, మామూలుగానే, అంటే అరుస్తున్నట్టే.

"ఇంగ్లీషులో."

ఆయన కాస్త ఆలోచించాడు. "మళ్లీ సదవనిస్తారా?"

"సదవనిస్తారు."

"సదువుతావా?"

ఎన్ని కళ్లు చూస్తున్నాయో అప్పకి తెలుసు. మెడ మీది చెమట పైట చెంగుతో తుడుచుకుంది.

"సదువుతాను."

"అయితే కూడు తిని సదువు" అన్నాడు వాళ్లయ్య, పీట తీసుకుని లేచాడు.

అంతే. తిట్టలేదు, ఓదార్చలేదు. కానీ ఆయన గొంతు అలాంటిది కావడం వల్ల, ఆ ఇంటి నిర్ణయం ఏమిటో లైన్లో ఎవరూ అడిగి తెలుసుకోవాల్సిన పని లేకపోయింది. అయినా నాలుగు నోళ్లూ ఊరుకుంటాయా. చూసినారా, మనకెందుకీ చదువులు, అని ఆ రాత్రే మొదలైంది. మా అమ్మతో ఇద్దరు ముగ్గురు అన్నారు. మా నాన్న అవన్నీ విని ఊరుకున్నాడు. ఆయన ఊరుకున్నాడంటే మనసులో ఏదో తేల్చుకున్నాడనే అర్థం. నేను గోడకి తిరిగి పడుకుని నా చదువు అయిపోయిందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం అప్ప మా ఇంటికొచ్చింది. మా నాన్న అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నేను గుమ్మం వెనకే ఉన్నాను. ఎప్పుడూ చిన్నాన్నా చిన్నాన్నా అంటూ నవ్వుతూ వచ్చే మనిషి ఆ రోజు నవ్వలేదు.

"సిన్నాన్నా, నాను ఫెయిలైనానని దీన్ని ఆపకు" అంది.

మా నాన్న బీడీ నోట్లోంచి తీసి ఆవిడవైపు చూశాడు. చదువంటే మాటలా అని, మన వల్ల అయ్యేదీ కానిదీ ఉంటుందని, ఏదో నెమ్మదిగా చెప్పబోయాడు. అప్ప వినలేదు.

"నాకు ముందు ఎవులూ లేరు సిన్నాన్నా. ఏ పుస్తకం ఎలా సదవాలో, ఎవుల్ని ఏటి అడగాలో సెప్పినోళ్లు లేరు. దీనికి నానున్నాను."

"మళ్లీ ఏడు కూడా నువ్వు పాసవకపోతే?" అన్నాడు మా నాన్న. అది వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగాడు.

"అవకపోయినా దార్లు తెలుస్తాయి కదా" అంది అప్ప.

మా నాన్న చాలాసేపు బీడీ సంగతి మర్చిపోయాడు. అది ఆరిపోయింది. చివరికి లోపలికి కేకేసి, గుంటకి టీ పెట్టమని మా అమ్మకి చెప్పాడు. మా ఇంట్లో సరే అనడం అంటే అదే. ఆ టీ తాగుతూ అప్ప నావైపు చూసి, ఏం లేదన్నట్టు కళ్లతోనే అంది.

కాలేజీ తెరిచిన రోజు నేను బిందె పట్టుకుని కొళాయి దగ్గర వరసలో ఉన్నాను. అప్ప ఇంట్లోంచి బయటికొచ్చింది. చంకన అవే పుస్తకాలు. అక్కడున్న ఆడవాళ్లందరూ మాటలు ఆపేశారు. కిందటేడు మూతులు తిప్పినవాళ్లే. నడిచే దారికి అడ్డంగా బిందెలున్నాయి. అప్ప తగ్గలేదు, చూపు తిప్పుకోలేదు, అదే నడకతో వస్తోంది. అప్పుడు ఒక ముసలావిడ, పోయినేడు అందరికన్నా ఎక్కువ మాట్లాడినావిడే, తన బిందె చేత్తో పక్కకి లాగి, "కాలేజీ గుంట ఎల్తంది, తియ్యండే దారిలోంచి" అంది. తక్కినవాళ్లూ తలో బిందె జరిపారు. ఆ పేరు మారింది ఆ పొద్దునే.

రెండో ఏడు చదువు వేరే రకంగా సాగింది. బట్టీ పట్టి లాభం లేదని తెలిసిపోయింది. సాయంత్రం వాళ్లమ్మ ఎదురుగా కూర్చుని ఇంగ్లీషులో ఒక ముక్క చదివేది, దాన్ని తెలుగులో చెప్పేది. వాళ్లమ్మ కూరగాయలు తరుగుతూ, కథ వింటున్నట్టు ఊఁ కొట్టేది. అర్థం కాకపోతే ఊఁ ఆగిపోయేది. అప్ప మళ్లీ చదువుకుని, మళ్లీ ఇంకోలా చెప్పేది. చెప్పలేకపోతే మర్నాడు ఆ ఇంగ్లీషు దీదీ దగ్గరికి వెళ్లి అడిగేది, ఈసారి ఆపని అనే. ఆ దీదీ కూడా మంచావిడ, క్లాసు అయ్యాక నిలబడి చెప్పేదట. ఇదంతా పెద్దగా జరిగేది కాబట్టి, ఇవతల గోడకి ఆనుకుని నేను కూడా ఆ పాఠాలన్నీ విన్నాను. అప్పుడప్పుడు వాళ్లయ్య అడ్డుపడి, తర్వాత ఆ రాజు ఏటైనాడని అడిగేవాడు. ఆయన కూడా వింటున్నాడని మాకప్పుడే తెలిసేది.

పాసైంది. గొప్ప మార్కులేమీ కావు. వాళ్లయ్య కమ్మరి షాపులో అందరికీ జిలేబీలు పంచాడు.

తర్వాత బి.ఏ. కూడా చేసి, రైల్వేలోనే ఉద్యోగం తెచ్చుకుంది. చాలా ఏళ్లు స్టేషన్లో విచారణ కిటికీ దగ్గర కూర్చుంది. నేను సెలవులకి వెళ్లినప్పుడు చూసేదాన్ని. ఒకరికి బెంగాలీలో, ఒకరికి ఒడియాలో, ఇంకొకరికి హిందీలో, ఆగకుండా చెప్పేది. ఆ గొంతుకి అద్దం అడ్డం కాదు. ఒకసారి నేను పక్కనే ఉండగా, మన వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒక మొగుడూ పెళ్లామూ, ట్రంకుపెట్టె మధ్యన పెట్టుకుని, ఎవర్ని ఏమడగాలో తెలీక నిలబడిపోయారు. అప్ప కిటికీలోంచి చూసింది. ఆ పిల్ల చీర కట్టిన తీరుని బట్టే పోల్చుకుంది కాబోలు. "ఏ ఊరమ్మా మనది?" అని అడిగింది. ఆ పిల్ల మొహం చూడాలి అప్పుడు. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. అప్ప తన చోట ఇంకొకర్ని కూర్చోబెట్టి, బయటికొచ్చి, వాళ్లకి కావలసిన క్వార్టరు గుర్తులు చెప్పి, రిక్షా ఎక్కించి పంపింది. రిక్షావాడితో బేరం మాత్రం చేపల బజారు బెంగాలీలోనే.

ఆవిడ చనిపోయిందని తెలిశాక నాకు ఇవన్నీ గుర్తొచ్చాయి గానీ, మళ్లీ మళ్లీ తిరిగి వచ్చేది మాత్రం నేను కాలేజీలో చేరిన రోజు.

ఆ పొద్దున మా అమ్మ ఇచ్చిన చోడంబలి సగంలోనే వదిలేసి లేచాను. అప్ప అప్పటికి అదే కాలేజీలో బి.ఏ. చదువుతోంది, క్లాసులు ఆలస్యంగా ఉండేవి. అయినా నాకోసం ముందే వచ్చింది. దారంతా ఏవేవో చెబుతూనే ఉంది. లెక్చరర్లని ఆపని అనాలి, ప్యూన్లని దాదా అనాలి. ముందు బల్లలో కూర్చుంటే ప్రశ్నలడుగుతారు, చివర కూర్చుంటే వినబడదు, మధ్యలో కిటికీ పక్కన కూర్చో. తెలీకపోతే తెలీదని చెప్పు, తల ఊపకు. నేను ఆవిడ వెనక పరుగెడుతూ అన్నిటికీ తల ఊపుతున్నాను.

కాలేజీలో అడుగుపెట్టాక ఒక్కొక్కటే చూపించింది. ఆఫీసు ఇది, లైబ్రరీ అది, మంచినీళ్లు అక్కడ. ఎదురొచ్చిన అమ్మాయిలు ఆవిణ్ణి పలకరిస్తున్నారు. వాళ్లందరికీ నన్ను చూపించి, మా చెల్లెలని చెప్పింది. వెనక వైపుకి తీసుకెళ్లింది. అక్కడ మేడ మెట్ల కింద ఒక ఖాళీ జాగా, విరిగిన బల్ల ఒకటి వేసి ఉంది. ముందు నుంచి చూస్తే కనబడదు. ఇక్కడికెందుకు తీసుకొచ్చిందో నాకర్థం కాలేదు.

"నాను ఫెయిలైన ఏడంతా ఇక్కడే కూకుని ఏడిసినాను" అంది.

నేను ఆవిడ మొహంలోకి చూశాను. అప్ప ఏడవగా మా లైన్లో ఎవరూ చూడలేదు. తుమి కథ చెప్పి అంత నవ్విన మనిషి. అందరి ముందూ గొంతెత్తి ఫెయిలయ్యానని చెప్పిన మనిషి. ఆవిడ చెంగుతో ఆ బల్ల మీది దుమ్ము తుడిచింది.

"నీకూ ఏడుపొస్తాది. అందరి ముందర ఏడవకు, ఇక్కడికొచ్చి ఏడు. ఆ మూల కొళాయి ఉంది. మొకం కడుక్కుని మళ్లీ క్లాసుకెల్లిపో. ఇంటికి మాత్రం ఎల్లిపోకు."

అవతల గంట కొట్టారు. అప్ప నా భుజం మీద చెయ్యి వేసి గబగబా నడిపించుకుంటూ తీసుకెళ్లి క్లాసులోకి తోసింది. నేను మధ్యలో కిటికీ పక్కన చోటు వెతుక్కుని, కూర్చుని, తలుపు వైపు చూశాను. పుస్తకాలు చంకన పెట్టుకుని, లెక్చరర్ వచ్చేదాకా అక్కడే నిలబడి ఉంది.